మోకాలి కింద దిండు

మా చర్చిలో అందరం చాపల మీద కూర్చుంటాం, ప్రార్థనకు మోకరిస్తాం. వెనక గోడకు ఆనించి ఒకే ఒక్క ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది, కింద కూర్చోలేనివాళ్ల కోసం. డెబ్బై ఏళ్లొచ్చినా, మోకాళ్ల నొప్పులున్నా మా అత్తమ్మ ఆ కుర్చీని ముట్టలేదు. నలభై రెండేళ్లకే నన్ను అందులో కూర్చోబెట్టారు. ఇప్పటికీ ఆ కుర్చీని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు దెబ్బ సంగతి చెప్పాలి. ఖమ్మంలో పెళ్లికి వెళ్లి, తమ్ముడి కారులో జూలూరుపాడు దగ్గరున్న మా ఊరికి తిరిగొస్తున్నాం. కారెక్కితే అత్తమ్మకు కడుపులో తిప్పుతుంది కాబట్టి ముందు సీటు ఎప్పుడూ ఆమెదే. ఆ రోజు పెళ్లి బిర్యానీ గట్టిగా లాగించింది నేను. నాకే తిప్పుతోందని ఆమెను వెనక్కి పంపి ముందు కూర్చున్నాను. పొట్ట బిగుతుగా ఉందని బెల్టు కూడా పెట్టుకోలేదు, ఎంత తెలివో! ఏన్కూరు దాటాక రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చింది. తమ్ముడు కారు పక్కకు తిప్పాడు. బర్రె బతికింది, కారు వేపచెట్టును గుద్దింది, నా కుడి మోకాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. తమ్ముడికి నుదుటి మీద చిన్న గాటు పడింది. వెనక కూర్చున్న అత్తమ్మకు చేతి గాజు కూడా చిట్లలేదు.

ఖమ్మం దవాఖానాలో మోకాలి చిప్ప రెండు ముక్కలైందని ఆపరేషన్ చేసి తీగతో కట్టారు. ఇంటికి పంపేటప్పుడు కాలు ఎట్లా వంచాలో, ఎన్నిసార్లు వంచాలో బొమ్మలు వేసి ఉన్న కాగితం ఒకటి ఇచ్చారు. నేను మందుల మత్తులో ఉన్నాను. ఆ కాగితం అత్తమ్మ అందుకుంది.

ఇక ఆమె నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే పెట్టనివ్వలేదు. బూరుగుదూది దిండు తెచ్చి మోకాలి కింద పెట్టి, "కదపకు బిడ్డా, బొక్క అతుకుతాంది, కదిపితే ఇగ అంతే" అనేది. అన్నం కలిపి ముద్దలు పెట్టింది, తల దువ్వింది. కాలు కొంచెం వంచి చూద్దామని మా ఆయన అంటే, "నీకేం తెల్వదు, బయటికి నడువ్" అని కసిరింది. నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే ఉండేది. పదిహేనేళ్ల కాపురంలో అత్తమ్మ చేతి ముద్ద తినడం అదే మొదటిసారి.

బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "దేవుడు కాపాడిండు." కాపాడేవాడు మోకాలును కూడా కాపాడి ఉండొచ్చు కదా అని నా నోటిదాకా వచ్చేది. అత్తమ్మ మొహం చూసి మింగేదాన్ని.

ఆరు వారాల తర్వాత చూపించుకోవడానికి వెళ్తే కాలు రోకలిలా బిగుసుకుపోయి ఉంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. నా కాలు వంచబోయి ఆగిపోయింది.

"ఎక్సర్‌సైజులు చేసిండ్రా టీచరమ్మా?"

"ఏం ఎక్సర్‌సైజులు?"

"బొమ్మల కాగితం ఇచ్చినం కదా."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె సంచిలోంచి బైబిల్ తీసి తెరిచింది. కీర్తనల మధ్యలో ఆ కాగితం మడత చెదరకుండా ఉంది.

"వాక్యంల భద్రంగ పెట్టిన. రోజూ దానిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్న," అంది అత్తమ్మ.

ఆ అమ్మాయి నవ్వలేదు. "మోకాలి కింద దిండు గిట్ల పెట్టిండ్రా?" అని అడిగింది.

"అవ్. మెత్తగ ఉంటదని."

"ఇగ పెట్టకు అమ్మమ్మా. దిండు పెడితే కాలు అట్లనే బిగుసుకపోతది."

డాక్టరు వచ్చి చూసి పెదవి విరిచాడు. కింద కూర్చోవడం ఇక కష్టమేనని, కుర్చీ అలవాటు చేసుకోమని అన్నాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలు నేలమీద ఉంటారు. నేను కుర్చీలో కూర్చుంటే వాళ్లకు కనిపించేది నా చెప్పులు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎట్ల వంగదో నేనూ చూస్త సార్," అన్నాను.

ఇంటికి రాగానే అత్తమ్మ మీద పడ్డాను. "చెయ్యి పెట్టేటప్పుడు ఒక్కసారి ఆ కాగితం విప్పి చూస్తే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. ఆమె వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోస్తూ అంది: "ఆ సీటు నాది బిడ్డా. ఆ దెబ్బ నాకు తగలాలె. మళ్ల నీకు నొస్తదేమోనని భయమైంది."

నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు. "అయితే ఆ దిండు తీసెయ్," అన్నాను.

ఆ ఆదివారం వాకర్‌తో చర్చికి వెళ్తే ఎర్ర కుర్చీ ముందుకు తెచ్చి వేశారు. పాస్టర్‌గారు సాక్ష్యం చెప్పమన్నారు. ఆపద నుంచి బయటపడ్డవాళ్లు దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. "కాలు వంగలే అయ్యగారూ. వంగినంక మోకాళ్ల మీద చెప్త," అన్నాను. నా పక్కన అత్తమ్మ తల దించుకుంది.

ఆ తర్వాత నెలలపాటు నేను చేసింది అరవడమే. మంచం అంచున కూర్చుని కాలు వంచుతుంటే నా కేకలు వీధి చివరిదాకా వినపడేవి. భరించలేక అత్తమ్మ వాకిట్లోకి వెళ్లి, నా కేకలు మునిగిపోయేలా పాటలు పాడేది. వారానికి రెండుసార్లు కాలు చాపుకుని బస్సులో ఖమ్మం వెళ్లేదాన్ని. ఆ అమ్మాయి బలంగా వంచినప్పుడల్లా నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. "తిట్టండి టీచరమ్మా, కాలు మాత్రం బిగబట్టకుండ్రి," అనేది తను. వానాకాలం పోయేసరికి పీట మీద కూర్చున్నాను. చలికాలానికి నేలమీద, పిల్లల మధ్య కూర్చున్నాను. ఏడాది తిరిగాక తీగ తీసేశారు. కోత మానాక, మోకరించొచ్చా అని డాక్టరును అడిగాను. "మీ ఇష్టం, నొప్పి మాత్రం ఉంటుంది," అన్నాడు. నొప్పిని నాకు ఆయన కొత్తగా పరిచయం చేయాలా!

తర్వాతి ఆదివారం ఎర్ర కుర్చీని నేనే ఈడ్చుకెళ్లి గోడకు ఆనించాను. "మోకరించండి," అన్నారు అయ్యగారు. ఎడమ మోకాలు ముందు ఆనించి, తర్వాత కుడిది ఆనించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ఏదో మెత్తగా తగిలింది. చూద్దును కదా, పక్కన మోకరించిన అత్తమ్మ సంచిలోంచి బూరుగుదూది దిండు తీసి నా మోకాలి కిందికి తోస్తోంది! పళ్లు కొరికి, దాన్ని ఆమె మోకాళ్ల వైపు తోశాను. ఆమె మళ్లీ నా వైపు తోసింది. చుట్టూ అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ప్రార్థన అయ్యేదాకా ఆ దిండు మా ఇద్దరి మధ్య ఊరికే పడి ఉంది.

ఆమేన్ అయ్యాక మోకాళ్ల మీదే ఉండి సాక్ష్యం చెప్పాను. "కాలు వంగింది. దేవునికి స్తోత్రం. దీన్ని వంచింది ఖమ్మంల ఒక పిల్ల. నేను తిట్టిన తిట్లకు ఆమె నన్ను మాఫ్ చెయ్యాలె." అందరికంటే ముందు ఆమేన్ అన్నది మా అత్తమ్మ.

పాటకు లేవమన్నారు. నేలకు చేతులు ఆనించి, ఒక కేక పెట్టి లేచాను. అత్తమ్మ లేవలేదు.

"చెయ్యియ్యి బిడ్డా," అంది మెల్లగా. "నాకు లేవస్తలేదు."

"కుర్చీ తెమ్మంటవా అత్తమ్మా?"

"నోర్మూసుకొని చెయ్యియ్యి."

ఇచ్చాను. బరువంతా కుడికాలి మీదే మోపి ఆమెను లేపాను.