టెంటులో కుంపటి

జూన్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం ట్రక్కు మమ్మల్ని, ముగ్గురు సిపాయిలను, మంచుకొండల్లో ఒక కనుమ కింద దింపి వెళ్ళిపోయింది. రేకుల షెడ్డు ఒకటి, టెంట్లు మూడు, కింద లోయలో నది. చెట్టన్నది లేదు. ఎండలో నిలబడితే చర్మం మాడుతుంది, నీడలోకి జరిగితే వణుకు. రెండు దాటితే గాలి మొదలవుతుందని, నాలుగుకల్లా మంచు పడవచ్చని పాత కాపలావాళ్ళు చెప్పి దిగిపోయారు. మా ఊళ్ళలో అది మామిడికాయలు కోసే నెల.

ట్రక్కు ఎక్కేముందే సామాను ఇచ్చారు. రెండు పొరల స్లీపింగ్ బ్యాగు, ఉన్ని సాక్సులు, నల్ల కళ్ళద్దాలు, మంచుగొడ్డలి, బూట్లు. బూట్లు ఒక సైజు పెద్దవి. మార్చమంటే స్టోరు హవల్దారు నవ్వాడు. "మంచు చూడని ఊరోడివి, నీకు సైజెందుకు? రెండు సాక్సులు వేసుకో" అన్నాడు. పై అధికారికి రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. ఈరోజుకీ రాలేదు. సైన్యం వదిలి ఏళ్ళయినా ఆ నవ్వు నాకు గుర్తే.

మేం ముగ్గురం, ముగ్గురిదీ ఒకే జిల్లా. నాది బైరకూరు. వంటవాడిది గౌనిపల్లి, పట్టుపురుగులు పెంచే ఇల్లు. వైర్‌లెస్ వాడు కోరమండల్ బంగారుగని కూలీల లైన్లలో పుట్టాడు, తాత ఆ గనిలో పనిచేశాడు. పై పోస్టులో సుబేదారు ఉంటాడు. వేసవిలో పైకి పోయే ట్రెక్కింగ్ వాళ్ళ సామాను తనిఖీ చేయడం మా పని. బూటు అడుగు అరిగిందా, వానకోటు ఉందా, స్లీపింగ్ బ్యాగు ఎంత చలికి ఆగుతుంది. సరిగ్గా లేకపోతే వెనక్కి పంపాలి. వెనక్కి పంపినవాడిని ఎవరూ మంచిమాట అనరు. నేను విన్నవన్నీ రాస్తే ఈ కాగితం చాలదు.

ఒక రోజు బెంగళూరు నుంచి నలుగురు వచ్చారు. ముందున్నవాడికి నారింజరంగు జాకెట్, ఈకలు కూర్చిన ఖరీదైన రకం. వస్తూనే బ్యాగు నా కాళ్ళ దగ్గర పడేశాడు.

"అన్నా, ఇది పైదాకా మోస్తావా?"

నేను స్వెటర్లో, ఉన్ని టోపీలో ఉన్నాను. కూలివాడిననుకున్నాడు.

"నేను సిపాయిని" అన్నాను.

"ఓ" అన్నాడు. అంతే. సారీ కూడా లేదు.

జాకెట్లు బాగానే ఉన్నాయి. కింద మాత్రం నలుగురికీ జీన్సు. స్లీపింగ్ బ్యాగులు బెంగళూరు పక్కనున్న నందికొండకు పోయి ఒక రాత్రి పడుకోవడానికి సరిపోయేవి. పైకి వదలనన్నాను. వాదించాడు. వాదిస్తూండగానే మంచు మొదలైంది. జీన్సు తడిసి కాళ్ళకు అతుక్కుంది. కిందికి పంపే వీలు కూడా పోయింది. వైర్‌లెస్‌లో సుబేదారు గొంతు వినిపించింది: "ఖాళీ టెంటులో ఉంచండి. పొద్దున దింపండి. ఓవర్."

వంటవాడికి జాలేసింది. "పాపం అప్పా, పండ్లు కొట్టుకుంటా ఉండారు. నాలుగు బొగ్గులన్నా పెట్టకుంటే ఎట్ల?"

"బొగ్గులు పెట్టు. టీ మాత్రం సారీ చెప్పినాకనే ఇయ్యి."

"నీ సారీ యాడికీ పోదులే. రవ్వంత నవ్వితే నీ పండ్లేమన్నా రాలిపోతాయా?"

రొట్టెలు కాల్చే కుంపటి ఎత్తుకొని, చంకలో గోనెసంచులు పెట్టుకొని టెంటులోకి పోయాడు. నేను షెడ్డులో కూర్చుని ఆ 'ఓ' గురించే ఆలోచించాను.

అయిదున్నరకు ఇక ఆగలేకపోయాను. అతనితో సారీ చెప్పించే తీరాలని టెంటు దగ్గరికి నడిచాను. పిలిచాను. పలకలేదు. కావాలనే పలకడం లేదనుకున్నాను. వంటవాడిని పిలిచాను. వాడూ పలకలేదు. నా పిలుపుకు ఎదురుమాట అనకుండా వాడు ఏనాడూ ఊరుకోలేదు.

తలుపు గుడ్డ అంచుల మీద లోపలి నుంచి రాళ్ళు పేర్చి ఉన్నాయి. బలంగా లాగాను. టెంటు పైభాగంలో గాలి ఆడే కంత ఉంటుంది. దాంట్లో గోనెసంచి కుక్కి ఉంది. మధ్యలో కుంపటి ఎర్రగా ఉంది. పొగ లేదు, వాసన లేదు. అయిదుగురూ హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నారు. వంటవాడు కుంపటి పక్కనే ఒరిగిపోయి ఉన్నాడు, నిప్పు విసిరే అట్టముక్క చేతిలోనే ఉంది.

నేను అరిచిన అరుపుకు వైర్‌లెస్ వాడు కత్తితో వచ్చాడు. "డేయ్, గుడ్డ చీల్చేస్తా, నువ్వు ఈడ్చు, ఈడ్చు!" ఒక్కొక్కరినీ మంచు మీదికి ఈడ్చాం. నారింజ జాకెట్ వాడు తలుపు సందు దగ్గర పడుకున్నాడు కాబట్టి ముందు కళ్ళు తెరిచాడు. వాంతి చేసుకున్నాడు. మిగతా ముగ్గురూ మూలిగారు. వంటవాడు కదల్లేదు. బుగ్గలు మాత్రం అప్పుడే స్నానం చేయించిన పసిబిడ్డవిలా ఎర్రగా ఉన్నాయి. ఊపిరి లేదు.

వైర్‌లెస్ వాడు షెడ్డులోకి ఉరికి, మాట్లాడి, తిరిగి వచ్చాడు. "ఆక్సిజన్ పై పోస్టులోనే ఉండాదంట. వాళ్ళు మంచులో దిగి రావల్ల. లేట్ అయితాది మచ్చా."

నారింజ జాకెట్ వాడు పాక్కుంటూ వచ్చాడు. "నాకొచ్చు, నేర్చుకున్నాను" అన్నాడు. జాకెట్ విప్పి వంటవాడి కింద పరిచాడు. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదాడు. పక్కకు తిరిగి కక్కాడు, గుప్పెడు మంచుతో నోరు తుడుచుకున్నాడు, మళ్ళీ ఊదాడు. అతని బదులు నేను ఊదబోతే ఆపాడు. "నువ్వు నాడి చూస్తుండు అన్నా. ఆగితే చెప్పు." నాడి దారమంత సన్నగా ఉంది. ఆగలేదు.

చీకటి పడేవేళకు వంటవాడు దగ్గాడు. తర్వాత ఆక్సిజన్ వచ్చింది. పొద్దున స్ట్రెచర్ మీద రోడ్డుకు దింపాం. బతికాడు.

ఆసుపత్రిలో వాడు అన్న మాట ఇది: "మా పురుగులింట్లో చలికాలం ఇట్లనే చేస్తామప్పా. కుంపటి పెట్టి, కిటికీలకు గోనెలు కట్టి. ఒక్క పురుగన్నా సచ్చిండ్లేదు." వాళ్ళ పురుగులింటి పైన నాటుపెంకులు. బొగ్గుల నుంచి పుట్టే వాసనలేని చెడుగాలి ఆ సందుల్లోంచి పోతుంది. టెంటుకు పెంకులు లేవు. విచారణకు వచ్చిన అధికారి వాడికి బుద్ధి లేదా అని అడిగాడు. టెంటు ఇచ్చినప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదని నేను జవాబిచ్చాను, రాసి కూడా ఇచ్చాను. ఇప్పుడు మన పిల్లలు ప్రతి వేసవికీ మంచుకొండలకు బయలుదేరుతున్నారు. ఏ జాకెట్ కొనాలో చెప్పేవాళ్ళు వీధికొకరు. కంత మూయొద్దు, లోపల నిప్పు పెట్టొద్దు అని చెప్పేవాడు నాకు ఇంతవరకు కనబడలేదు.

సెప్టెంబరులో దిగివచ్చాను. బంగారపేటలో రైలు దిగి ముళబాగిలు బస్టాండులో టీ తాగుతుంటే కొట్టతను అడిగాడు: "మంచు ఎట్లుంటాదప్పా?" తెల్లగా ఉంటుందన్నాను.

ఆ నారింజ జాకెట్ మనిషి నాకు సారీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. నేను మరచిపోలేదు. అయితే మంచు అనగానే నాకు కనబడేది అతనే. పల్చటి చొక్కాతో వణుకుతూ, వంటవాడి ముఖం మీదికి వంగి ఊదుతూనే ఉన్నాడు. వీపు మీద మంచు పేరుకుంటోంది. దులపడానికి నా చెయ్యి ఖాళీ లేదు, వంటవాడి మణికట్టు పట్టుకొని ఉంది.