తల వంచే కప్ప

ఆ రోజు ఐర్లండ్‌లో స్లైగో ఊరికి వెళ్ళే రైలు దారిలో ఆగిపోయింది. గాలికి పట్టాల మీద చెట్టు పడిందట. ఎదుటి సీట్లోని తెలుగావిడ తన హ్యాండ్‌బ్యాగుకు వేలాడుతున్న బొద్దు కప్పబొమ్మను నాకు చూపించారు.

“జపాన్‌లో కొన్నానమ్మా. అక్కడ రోడ్డు తవ్వినా ఇలాంటి ముద్దు బొమ్మలే అడ్డం పెడతారు. బోర్డు మీద బొమ్మ వంగి సారీ చెప్తుంది. నేను ఫోటోలు తీస్తుంటే మా ఆయన ఒకటే నవ్వు.”

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. విని పెట్టేశారు.

“ఆయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళిపోయారంట. అప్పటికల్లా వచ్చేస్తానని చెప్పాను.”

“అంతా గ్రాండ్‌గా అయిపోతుంది ఆంటీ,” అన్నాను. ‘బాగా’ అనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటే నోటికొచ్చింది.

ఆవిడ ఫోను తెర మీది భర్త ఫోటో ముందు కప్పను నిలబెట్టి, వేలితో దాని తల వంచారు. రైలు కదిలేదాకా వంచుతూనే ఉన్నారు.