ఈయంతో పూడ్చిన రంధ్రాలు

వేలూరులో పాత కార్లను బాగుచేసే ఒక వర్క్‌షాపులో బాడీ విభాగం ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ పని వదలడానికి రెండేళ్ళ ముందు, జూలై నడుమ, ఆడి నెల మొదట్లో, గుడియాత్తం నుంచి వచ్చిన కారు ఒకటి నాకు అప్పగించారు. ఫోర్‌మన్ సుత్తి పట్టడు. రేకు పని, రంగు పని, సీట్ల పని ఏది ముందు, ఏది వెనక అన్నది నిర్ణయించి, ప్రతి దశ చివర సంతకం పెడతాడు. తప్పు దొర్లితే జవాబు చెప్పవలసింది అతనే.

కారుకు యాభై ఏళ్ళు దాటాయి. యజమాని సంపత్ ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. కారు కొన్నది అతని తండ్రి గోపాల్ మేస్త్రీ. ఆయన అప్పటికి చనిపోయి చాలా కాలమైంది. ఆ కంపెనీ ఒకే కారును రెండు రకాలుగా అమ్మేది. స్టాండర్డ్ రకానికి ఒకే రంగు, మామూలు సీట్లు. డీలక్స్‌కు రెండు రంగులు, పక్కల పొడవునా మెరిసే పట్టీ, లేత రంగు రెక్సిన్‌తో స్పాంజి సీట్లు, డాష్‌బోర్డులో గడియారం. సంపత్‌ది స్టాండర్డ్.

"మా నాయన ఒళ్ళు దాచుకోకుండా కష్టపడినాడన్నా. కారు మాత్రం ఏ సొగసూ లేకుండా మొట్టగా ఉండేదే కొన్నాడు. ఇప్పుడన్నా దీన్ని డీలక్స్ చేసి పెట్టండి" అన్నాడు. మూడు నెలల్లో మద్రాసులో పాత కార్ల ప్రదర్శన ఉంది. దానికి తీసుకుపోవాలని అతని పట్టుదల.

ఇలా రకం మార్చడం మా వృత్తిలో కొత్త కాదు. చివరి రిపోర్టులో ఆ సంగతి రాస్తే చాలు. నేను ఒప్పుకున్నాను. కాట్పాడి దగ్గర ఒక షెడ్డులో తుక్కుగా పడి ఉన్న అదే కంపెనీ డీలక్స్ కారు నుంచి పట్టీలు, గడియారం, చేతి ఆనికలు విప్పించి తెప్పించాను.

మెరిసే పట్టీ బిగించాలంటే తలుపుల రేకులో వరుసగా రంధ్రాలు వేయాలి. కొలత తప్పకుండా తుక్కు కారు తలుపు మీద అట్ట పెట్టి, రంధ్రాలున్న చోటల్లా గుర్తులు తీశాం. సంపత్ కారు తలుపుకు పాత రంగంతా తీసేసి, డ్రిల్లు వేసే ముందు నేనే ఆ అట్టను ఆనించి చూశాను. ప్రతి గుర్తు దగ్గరా రేకు మీద అప్పటికే ముదురు బూడిదరంగు చుక్క ఉంది. మొత్తం పదకొండు. ఎప్పుడో ఈయం, అంటే సీసం, కరిగించి పూడ్చి, ఆకురాయితో నున్నగా రాసిన రంధ్రాలవి. రెండో పక్కా అంతే.

పని ఆపించాను. ఇంజను గదిలో కంపెనీ ప్లేటు ఉంటుంది. కారు వచ్చిన రోజున దాని మీది చాసిస్ నంబరును కాగితాలతో సరిచూసుకున్నాను గాని, కింది వరుస మీద నల్లరంగు ఉంటే పట్టించుకోలేదు. అది నా పొరపాటు. ఆ రంగు గీకిస్తే రకాన్ని చెప్పే అక్షరం బయటపడింది. కారు ఫ్యాక్టరీలోనే డీలక్స్.

సంపత్‌కు ఫోన్ చేస్తే నమ్మలేదు. "నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ కారుకు పట్టీ లేదన్నా" అన్నాడు. అతని తల్లి రాజమ్మను అడుగుదామని ఇద్దరం గుడియాత్తం వెళ్ళాం. ఆమెకు ఎనభై దాటాయి. వసారాలో కూర్చుని మునగాకు దూస్తోంది. విషయం చెప్పగానే చెయ్యి ఆపింది.

"ఆ తళుకులన్నీ మీ నాయనే పీకించినాడు" అంది కొడుకుతో. "నువ్వప్పుడు ఒళ్ళో బిడ్డవి."

కారు కొన్న నెలలోనే పొన్నైలో గోపాల్ మేస్త్రీ కట్టిస్తున్న గోడ ఒకటి కూలి, ఎల్లప్ప అనే కూలి మనిషి దాని కింద పడ్డాడట. తక్కినవాళ్ళు అతన్ని కారు దగ్గరికి మోసుకొచ్చారు.

"పాల మాదిరి తెల్ల సీట్లు. నెత్తురవుతాదని, గోనెపట్టా తెచ్చి పరచండిరా అన్నాడంట మీ నాయన. పట్టా యాడుండాదో వెతికి తెచ్చేదాకా ఆ మనిషిని ఎండలో పట్టుకొని నిలబడినారు. వేలూరు ఆసుపత్రికి తీసకపోతా ఉంటే, దారిలో తిరువలం చేరకముందే పోయినాడు."

"పట్టా లేకున్నా బతికేవాడు కాదేమోమా" అన్నాడు సంపత్.

"డాక్టరూ అదే చెప్పినాడు. మీ నాయన వినలా. నేను సీటును చూసినా, మనిషిని చూళ్ళేదు అన్నాడు. ఒక్కసారే అన్నాడు నాయనా, అప్పురం ఎప్పుడూ ఆ మాటెత్తలా. వారంలో అన్నీ పీకించి, నల్ల రెక్సిన్ ఏపించినాడు."

నువ్వేం చేస్తావో నీ ఇష్టం, అడిగినావు కాబట్టి చెప్పినా అని ఆమె మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది.

తిరుగు దారిలో సంపత్ నన్ను వేలూరులో దింపి వెళ్ళిపోయాడు. నాలుగో రోజు షెడ్డుకు వచ్చి, తలుపు మీది చుక్కలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"ఆయన ఎట్ల వదిలినాడో అట్లనే చేసేయండన్నా."

ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ప్లేటుతో పోల్చి చూస్తారనీ, ఇలాగైతే మార్కులు తగ్గుతాయనీ చెప్పాను. "తగ్గనీ" అన్నాడు. నాకు నిరాశ కలగలేదంటే అబద్ధం. రెండు రంగుల కారు నా చేతి మీదుగా పోయి అప్పటికి చాలా కాలమైంది. తెప్పించిన పట్టీలు కాగితంలో చుట్టి స్టోరులో పెట్టించాను. కారుకు ఒకటే రంగు, సీట్లకు నల్ల రెక్సిన్.

రిపోర్టులో ఏం రాయాలన్నది మిగిలింది. స్టాండర్డ్ అని రాస్తే ప్లేటుకు విరుద్ధం. డీలక్స్ అని రాస్తే కంటికి కనిపించేదానికి విరుద్ధం. "డీలక్స్‌గా తయారైనది. మొదటి యజమాని స్టాండర్డ్ రూపానికి మార్పించారు. ఆ రూపమే నిలిపి ఉంచాము" అని రాసి సంతకం చేశాను. ప్రదర్శనలో ఆ కారుకు ఏ బహుమతీ రాలేదు. న్యాయనిర్ణేత ఒకాయన పట్టీ ఎందుకు లేదని అడిగితే, మా నాయన తీయించినాడు అని మాత్రం సంపత్ జవాబిచ్చాడట.

అంతవరకు పాత కారులో కనిపించే ప్రతి మార్పునూ ఎవరో పాడుచేసిన పనిగానే నేను లెక్కవేసేవాణ్ణి. కొన్నింటిని యజమాని తెలిసే చేయించుకుంటాడు. ఏది ఏదో రేకును చూసి చెప్పలేం. ఆ తరువాత నా చేతికి వచ్చిన కార్లకు, డ్రిల్లు పట్టించే ముందు, కారును కొత్తగా ఉన్నప్పుడు ఎరిగిన మనిషి ఆ ఇంట్లో ఇంకా ఎవరైనా ఉన్నారేమో కనుక్కొని, వెళ్ళి మాట్లాడాను. అలాంటివి నాలుగు కార్లు. మూడింటి విషయంలో పనికొచ్చేది ఏమీ తెలియలేదు. నాలుగోదానికి సరైన రంగు తెలిసింది.