ఊపిరికి చోటు లేని పాట

మొన్న టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే రేడియోలో నా మ్యూజిక్ కాలేజీ రూమ్‌మేట్ పేరు వినిపించింది. ఎస్టోనియా స్వరకర్త అని, బృందగానాలు రాయడంలో ఈ తరంలో చెప్పుకోదగ్గవాడని అంటుంటే వాల్యూమ్ తగ్గించాను, కాసేపటికి నేనే మళ్లీ పెంచాను. ముప్పై అయిదేళ్లకే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. మన ఈడువాళ్లందరికీ మధ్యలో వదిలేసిన పని ఒకటి ఉండే ఉంటుంది, నాది సంగీతం రాయడం.

ఏటా మా ప్రొఫెసర్ చివరి ఏడాది చదివే ఇద్దరు విద్యార్థుల పాటలు కాలేజీ బృందం చేత పాడించి, నచ్చినదాన్ని వసంతకాలపు కచేరీకి తీసుకునేవారు. మా వంతు వచ్చిన ఏడు పోటీ నాకూ ఆ రూమ్‌మేట్‌కీ మధ్యే. ఆ కచేరీ దక్కితే సంగీతంలోనే ఉంటానని, లేకపోతే నాన్న చెప్పిన సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతానని ఇంట్లో మాటిచ్చేశాను. అందుకని నాలుగు నెలలు లాప్‌టాప్ ముందు కూర్చుని నలభై పేజీలు రాశాను. వాడేమో కిటికీలోంచి చెట్లకేసి చూస్తూ, రోజుకు రెండు వరుసలు రాసి ఒకటిన్నర చెరిపేసి, మూడు పేజీలు తేల్చాడు. ఓ ఆదివారం ప్లేనోలో మా ఇంటికి భోజనానికి తీసుకెళ్తే, గోంగూర పచ్చడి మూడోసారి వేసుకుంటున్న వాణ్ని మురిపెంగా చూస్తూ అమ్మ, "అతన్ని చూసి నేర్చుకోరా, మూడు పేజీల్లో ఫినిష్ చేసేశాడు. నీకెందుకురా అంత స్ట్రెస్?" అంది. పచ్చడి విషయంలో కూడా ఒకడి మీద కుళ్లుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగి వస్తుంటే కార్‌లో వాడు నా కాగితాలు తిరగేసి, పాడేవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటారని మెల్లగా అడిగాడు. వాళ్ల ఊళ్లో చిన్నా పెద్దా ఏదో ఒక పాటల బృందంలో ఉంటారట; వాడు వాళ్లమ్మ పక్కన నిలబడి పాడుతూ పెరిగినవాడు. కావాలంటే ఇద్దరం కూర్చుని సరిచేద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నీ పాట నువ్వు చూసుకో బ్రో," అన్నాను. నా లాప్‌టాప్ అప్పటికి వందసార్లు ఆ పాట స్వరాలను ఒక్క తప్పు లేకుండా వాయించి వినిపించింది మరి. దానికి ఊపిరితిత్తులు లేవన్న సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు కాలేజీలో బృందం చేత రెండు పాటలూ పాడించారు, ముందు నాది. రెండో పేజీకి పైస్థాయి అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మూడో పేజీకి మంద్రస్థాయి అబ్బాయిలు ఎర్రబడ్డారు, నాలుగో పేజీలో ఒకమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. మిగతా ముప్పై ఆరు పేజీలు ఇప్పటికీ ఎవరూ వినలేదు. వాడి పాటలో ప్రతి వరుస చివరా ఊపిరికి చిన్న గుర్తుంది. అందరూ ఒక్కసారిగా గాలి పీల్చిన ఆ చప్పుడు కూడా పాటలో భాగంలాగే వినిపించింది. అంత బాగా రాసినందుకు వాణ్ని నెల రోజులు పలకరించలేదు. వాడు మాత్రం రోజూ నాకూ కలిపి కాఫీ పెట్టేవాడు, అది ఇంకా పెద్ద అవమానం.

ఇప్పుడు నాకు ఎదురింటివాళ్ల పచ్చిక మీదా, పక్క సీటువాడి ప్రమోషన్ మీదా అసూయ పుడుతుంది, వారం తిరక్కుండానే చల్లారిపోతుంది. వాడి మీది అసూయ మాత్రం ఇన్నేళ్లయినా అలాగే ఉంది. నా దగ్గర సంగీతం తాలూకు మిగిలింది అదొక్కటే కాబట్టి, దాన్ని కాస్త జాగ్రత్తగానే చూసుకుంటున్నాను.