గవదబిళ్ళలకు వేసిన గొలుసు

మా పాపకు గవదబిళ్ళలు వచ్చాయి. డాక్టరు రాసిన మందు వేస్తూనే ఉన్నా అత్తయ్య ఊరుకోలేదు. తన మెడలోని బంగారు గొలుసు తీసి పాపకు వేసి, బుగ్గలకు పసుపూ సున్నమూ కలిపి పట్టించారు. ఆ వాసన తగలగానే నాకు యాదమ్మ గారు గుర్తొచ్చారు. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు.

పెళ్ళయ్యాక గుంటూరు నుంచి వచ్చి కొత్తపేటలో అద్దెకు దిగినప్పుడు పక్క వాటా ఆమెది. పోచంపల్లి చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్మేవారు. భర్త పోయి చాలాకాలం. పిల్లలు పుట్టలేదని ఆయన ఈమె ఉండగానే ఇంకొకామెను చేసుకున్నాడట. ఆమెకూ పుట్టలేదు. లోకం మాత్రం ఇద్దరికీ కలిపి గొడ్రాళ్ళని పేరు పెట్టింది. నాకూ ఆ పేరు ఖాయం చేయడానికి అత్తయ్యకు ఎక్కువ కాలం పట్టలేదు. స్కానింగులు, సూదులు, ఉపవాసాలు అన్నీ నాకే. "మా వంశంలో మగాళ్ళకు అలాంటి లోపాలు లేవు" అని ఆవిడ తేల్చేశారు, డాక్టరు చదువు తనే చదివినట్టు.

ఒకరోజు సూది పోటుకు వాచిన చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే యాదమ్మ గారు చూశారు. సరాసరి మా ఇంట్లోకి వచ్చి మా ఆయన ముందు నిలబడ్డారు.

"ఏం కొడుకా, సూదులన్నీ గీ పిల్లకేనా? నువ్వు జర పరీక్ష చేపిచ్చుకుంటే అరిగిపోతవా?"

"నాకేం ప్రాబ్లం లేదండీ."

"నీకెట్ల ఎర్క? మా ఇంటాయన గూడ గిట్లనే అన్నడు. రేపు నేను గూడ ఒస్తా, నడువు."

సిగ్గుపడో, ఆమె నోటికి జడిసో ఆయన కదిలాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరమ్మ గదిలోకి, పిలవకపోయినా, యాదమ్మ గారు మాతోపాటే వచ్చేశారు. డాక్టరమ్మ మా ఆయన్ని ఒక్కొక్కటే అడిగింది. సిగరెట్టు తాగుతారా? ఏమైనా దెబ్బ తగిలిందా? పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచాయా? మా ఆయన లేదన్నాడు. వెనక కుర్చీలోంచి యాదమ్మ గారు లేచారు.

"వాస్తే ఏమైతదమ్మా?"

"కొందరికి వీర్యంలో కణాలు లేకుండా పోతాయి."

"మా ఇంటాయనకు లగ్గమైన ఏడాదే ఒచ్చినయి. అడుగు తీసి అడుగెయ్యలేకపోయిండు. మా అమ్మ పెట్టిన గొలుసు ఆయన మెడల ఏసి సేవ చేసిన. మల్ల గా గొలుసు నాకియ్యలే. రెండోదానికి పెట్టిండు."

డాక్టరమ్మ ఆమెను కూర్చోమంది. "ఆయన్ని చూడకుండా ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ అప్పట్లో ముందు పరీక్షించాల్సింది ఆయన్నే."

మా ఆయన్ని ల్యాబులో వదిలి బయటికొచ్చాక, యాదమ్మ గారు ఎల్బీనగర్‌కు ఆటో పిలిచారు. తమ్ముడింట్లో ఉంటున్న సవతి దగ్గరికట! ఎవరి పేరెత్తితే ఉమ్మేసేవారో ఆమె దగ్గరికి. "దాన్ని శానా తిట్టిన బిడ్డా. దాని తప్పు లేదని చెప్పాలె" అన్నారు. నేనూ ఎక్కాను.

తలుపు తీసిన తమ్ముడి భార్య గుమ్మంలోనే చెప్పేసింది. "గా గొడ్రాలా? పోయి ఏడాదైంది. మీరెవరు?"

యాదమ్మ గారు తలుపు రెక్క పట్టుకున్నారు. "అది గొడ్రాలు గాదమ్మా. మా మొగనికే కణాలు లేకుండె."

"ఇప్పుడెందుకమ్మా గవన్నీ" అని ఆవిడ తలుపేసుకుంది. యాదమ్మ గారు గొలుసు మాటే ఎత్తలేదు. తిరుగుదారిలో ఏడవనూ లేదు.

మా ఆయనకు కణాలు తక్కువని తేలింది. వృషణాల దగ్గర ఉబ్బిన నరాలకు చిన్న ఆపరేషన్ చేశారు. వాళ్ళమ్మకు మాత్రం హెర్నియా ఆపరేషన్ అని చెప్పాడు. పాప పుట్టింది, ఆవిడ లెక్కలో మొక్కులకు పుట్టింది. సీమంతానికి యాదమ్మ గారు గాజులు తెస్తే, కనని చెయ్యి అని అత్తయ్య తొడగనివ్వలేదు. నేను నోరెత్తేలోపే ఆమె గాజులు అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆమె కూడా లేరు.

నిన్న పాప మెడలో గొలుసు సర్దుతూ అత్తయ్య, "కొత్తపేటలో మన పక్కన ఆ గొడ్రాలు ఉండేది చూడూ..." అని మొదలుపెట్టారు. మా ఆయన ఫోనులో తల దూర్చాడు.

"యాదమ్మ గారు గొడ్రాలు కాదు అత్తయ్యా," అన్నాను. "ఆమె సవతీ కాదు. నేనూ కాదు. మీ అబ్బాయిది హెర్నియా కాదు."