నా చేతికందిన అల్మారా

మా ఇంటి దేవుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

సూరత్‌లోని లింబాయత్‌లో మాది ఒక గది, ఒక వంటిల్లు. నేను మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాను. వడ్రంగం నా సరదా. మొన్న దీపావళి సెలవుల్లో, మా ఆవిడ సుజాత కోసం వంటింటి గోడకు అల్మారా కడుతున్నానని వాడంతా చాటాను.

ముందు పనిముట్లను దారికి తెచ్చాను. సానపట్టిన ఉలి ముంజేతి వెంట్రుకలను గొరిగేసింది. చిత్రిక పట్టే రందా బ్లేడు సరిచేసి తోస్తే లేచిన చెక్క పొర ఎంత పలచనంటే, అది గాలికి ఎగిరి పక్క గల్లీలో ఒకాయన చాయ్‌లో పడితే, మీగడనుకుని తాగేశాడు.

అల్మారా బిగించిన రోజు ఇరుగుపొరుగును పిలిచాను.

"నువ్వే తెరువు" అన్నాను సుజాతతో, కాలరెగరేసి.

ఆమె చెయ్యి చాచింది. మునివేళ్ల మీద లేచింది. అయినా పిడి అందలేదు. నా చేతికి అందే ఎత్తు చూసుకుని బిగించాను మరి!

"ఏంది బావా, అక్కకు అల్మారా కట్టినవా, అటక కట్టినవా?" అన్నాడు పక్కింటి నర్సయ్య. అందరూ పగలబడి నవ్వారు. సుజాతా నవ్వింది.

"జర గా స్టూలు ఇటియ్యరాదు" అంది నాతో.

ఇన్నేళ్లుగా ఆమె వండింది తింటున్నాను. ఆ చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో ఒక్కసారీ చూడలేదు. అల్మారాను మర్నాడే కిందికి దించాను గానీ, ఆమె ముందు తల మాత్రం ఇంకా ఎత్తలేకపోతున్నాను.

ఒట్టేశాను కనుక చెప్పాలి. చాయ్‌లో పడ్డ పొరే అబద్ధమని మీరనుకుంటారు. దానికి సాక్షి ఉన్నాడు. నేను కల్పించింది ఒక్కటే, సుజాత నవ్వు. ఆరోజు ఆమె నవ్వలేదు.