పాత ప్రాసెసర్ ఇచ్చిన గంట

మట్టెవాడలో ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో సారంగపాణి స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీసేది కెమెరా వాళ్లే అయినా, వాళ్లు తెచ్చి పడేసిన వీడియోనంతా కత్తిరించి, అతికించి, పాటలు కలిపి దాన్ని పెళ్లిలా కనబడేట్టు చేసేది యమున. ఏళ్ల తరబడి అదే కుర్చీ. ఎన్ని జంటలు ఆమె కళ్ల ముందు ఏడడుగులు నడిచాయో ఆమెకే గుర్తు లేదు. తలంబ్రాలు చూస్తే ఆవలింత వచ్చేది. అప్పగింతల్లో పెళ్లికూతురు వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఈమె మెడ నొక్కుకుంటూ ఎక్కడ కట్ చేయాలా అని చూసేది. రాతిగుండె అనుకోకండి. అలసిపోయింది, అంతే.

ఆ అలసటలో ఆమెకు దొరికేది రోజుకు ఒక్క గంట. కత్తిరింపులు ముగిశాక మొత్తం వీడియోను కంప్యూటర్ ఒక్కటిగా కూర్చుకోవాలి. దాన్నే రెండరింగ్ అంటారు. స్టూడియో కంప్యూటర్‌లో ఆ పని చేసే చిప్పు, అంటే ప్రాసెసర్, పాతది, నాలుగే కోర్లది. మధ్యాహ్నం బటన్ నొక్కితే ఫ్యాను రొద పెట్టుకుంటూ, తెర మీద పచ్చగీతను ఇంచు ఇంచు జరుపుతూ గంట దాకా తేల్చేది కాదు. అంతసేపూ దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే బిగుసుకుపోతుంది. అందుకని యమున బటన్ నొక్కి, చెప్పులేసుకుని, రెండు గల్లీల అవతల ఉన్న ఇంటికి పోయేది. సారంగపాణి ఏమీ అనేవాడు కాదు. మెషీన్ పని చేస్తున్నంతసేపు మనిషి ఎక్కడుంటే ఆయనకేం?

ఇంట్లో మంచం మీద అత్త మొగిలమ్మ ఉండేది. బాత్రూంలో జారిపడి తుంటి విరిగిన నాటి నుంచి లేవలేదు. ఆమె కొడుకు, అంటే యమున భర్త మధు డోర్నకల్‌లో రైల్వే కాంట్రాక్టు పనికి పోయి ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మిగతా రోజులన్నీ గుడ్డలు మార్చడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నాలుగు ముద్దలు పెట్టడం యమున పనే, అదీ ఆ గంటలోనే. ముద్ద మింగాలంటే మొగిలమ్మకు ఒక షరతు ఉండేది. పెళ్లి చెప్పాలి.

"ఇయ్యాల ఎవల పెండ్లే?"

"తొర్రూరోళ్లది అత్తమ్మా. పత్తి సేటు బిడ్డది."

"పోయేటప్పుడు పిల్ల ఏడ్చిందా?"

"ఏడ్వలే. ఫోన్ల ఫొటోలు చూసుకుంటాంది."

"అయ్యో, గిదేం కాలమే!" అని మొగిలమ్మ మహా తృప్తిగా నోరు తెరిచేది. కోడలికి వంక పెట్టని రోజు లేదు ఆమెకు. కూరలో ఉప్పెక్కువైతే "నన్ను సంపుదామనే ఉన్నవా?" అనేది. అయినా గల్లీ మొదట్లో చెప్పుల చప్పుడు వినబడగానే "వచ్చినవా?" అని లోపలి నుంచి కేకేసేది. ఆ కేక కోసం యమున మండుటెండలో కూడా గబగబా నడిచేది. ఆమె వస్తే సంబరపడే మనిషి ఊళ్లో ఆ ఒక్కతే.

మాఘమాసంలో పెళ్లిళ్లు మీద పడ్డాయి. ఒక రోజు వాడి చూసి చెప్తానని సారంగపాణి హనుమకొండ షాపు నుంచి కొత్త కంప్యూటర్ తెచ్చాడు. అందులో పదహారు కోర్ల ప్రాసెసర్ ఉందట.

"పాతది నలుగురు కూలోళ్లతోని నాటేసినట్టు చెల్లె. ఇది పదహారు మంది. ఒక్కటే పెండ్లి రెండిట్ల ఎక్కియ్యి. ఏది ఎంతసేపట్ల ఐతదో జర చూసి చెప్పు. నిజంగ స్పీడుంటే ఉంచుకుందాం. రోజుకొకటి కాదు, మూడు పెండ్లిళ్లు లాగొచ్చు," అని చెప్పి ఆయన బ్యాంకు పని మీద దిగిపోయాడు.

ఆ మూడు పెళ్లిళ్లూ లాగేది ఎవరో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

యమున ఒకే పెళ్లిని రెండింట్లో ఎక్కించి, రెండు బటన్లూ ఒకేసారి నొక్కింది. పాతది రొద మొదలుపెట్టింది. కొత్తది చప్పుడే చేయలేదు. ఆమె చెప్పులు వెతుక్కునేలోపే దాని పచ్చగీత పావు వంతు దాటింది. చెప్పులేసుకోబోయిన యమున ఆగింది. ఇంత తొందరగా అయిపోతే ఇక ఇంటికి పోయేదెప్పుడు? అడిగితే సారంగపాణి రెండు రోజులు పొమ్మంటాడు, మూడో రోజు ముఖం మారుస్తాడు. చెడ్డవాడేం కాదు. ఖాళీగా ఉన్న మెషీన్‌ను చూస్తే ఓర్చుకోలేడు.

నిలబడి టైము చూడమన్నాడు నిజమే. కానీ మొగిలమ్మ అన్నం వేళయింది. యమున మెట్లు దిగింది.

తిరిగి వచ్చేసరికి సారంగపాణి కూడా అప్పుడే మెట్లెక్కుతున్నాడు. ఇద్దరూ కలిసే లోపలికి వచ్చారు. పని అయిపోయినట్టు రెండు తెరలూ చూపిస్తున్నాయి. కొత్తది ఎప్పుడో ముగించుకుని ఊరికే కూర్చుంది. పాతది ఇప్పుడే ముగించింది, దాని ఫ్యాను ఇంకా తిరుగుతోంది.

"అరే, రెండూ ఒక్కసారే ఐనయా?"

జరిగింది చెప్పడానికే యమున నోరు తెరిచింది. గోడ వైపు తిప్పి పడుకోబెట్టి వచ్చిన మనిషి కళ్లలో మెదిలింది.

"రెండూ ఒక్కటే అన్నా," అంది.

"షాపోడు ఉత్త గప్పాలు కొట్టిండన్నట్టు. వాపస్ ఇచ్చేద్దాం తియ్యి."

సారంగపాణికి బాధేమీ లేదు. ఖర్చు తప్పిందంటే ఆయనకు పండగే. యమునకు మాత్రం ఆ పూటంతా, తనకు అన్నం పెట్టిన ఇంట్లోంచి ఏదో ఎత్తుకొచ్చినట్టే ఉంది. కొత్త మెషీన్‌ను అట్టపెట్టెలో సర్దుతుంటే చూడలేక కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఆ తర్వాత చాలా నెలలు పాతది రొద పెడుతూనే ఉంది, మొగిలమ్మ పెళ్లిళ్లు వింటూనే ఉంది. ఆషాఢంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, గల్లీ మొదట్లో చెప్పుల చప్పుడుకు లోపలి నుంచి కేక రాలేదు. యమున మిగిలిన దూరం పరుగెత్తింది. పరుగెత్తి ఏం లాభం?

దినాలయ్యాక మళ్లీ కుర్చీలో కూర్చునేసరికి శ్రావణం పెళ్లిళ్లు వచ్చి పడ్డాయి. మధ్యాహ్నం బటన్ నొక్కగానే కాళ్లు వాటంతటవే చెప్పుల్లో దూరాయి. మెట్లు దిగి, మొదటి గల్లీ దాటి, రెండో గల్లీ మలుపు తిరిగాక గానీ ఎక్కడికి పోతున్నదీ ఆమెకు తెలియలేదు. వెనక్కి వచ్చి తెర ముందు కూర్చుంది. ఆ రోజు పెళ్లిలో పెళ్లికొడుకు తాళి ముడి వేయడం రాక మేనత్తను కేకేసి పిలిచాడు. మొగిలమ్మ వింటే ముద్ద మింగకుండా నవ్వేది. ఎవరికి చెప్పాలి? మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒకప్పుడు ఏ పనికీ చాలని గంట ఇప్పుడు ఎంతకీ తెమలదు. ఆ ఫ్యాను రొద వింటూ కూర్చోవడం కన్నా మూడు పెళ్లిళ్లు లాగడమే నయమనిపించింది.

"అన్నా, ఆ కొత్త ప్రాసెసర్‌ది తెప్పియ్యి," అంది ఒక రోజు. "నిమిషాల మీద ఐపోతది."

సారంగపాణి రసీదు పుస్తకం మీది నుంచి తలెత్తాడు. "రెండూ ఒక్కటే అంటివి గదా చెల్లె?"

"అప్పుడు మా అత్తమ్మ ఉండె అన్నా."

ఆయన రసీదు పుస్తకం మూశాడు. ఫోన్ తీసి హనుమకొండ షాపుకు కలిపాడు. పాత మెషీన్ మీద పచ్చగీత ఇంకా సగం కూడా దాటలేదు.